ఎనిమిదింట్లో ఐదు

నాలుగు వందల మాటల్లో బడి గురించి ఏదైనా రాయమని మన పాత విద్యార్థుల కలయిక కమిటీ తరఫున బండవేషం ఫోన్ చేశాడు. గంగమ్మ జాతరలో బూతులు తిట్టే ఆ వేషం పేరు వాడికి నోటిని బట్టే వచ్చింది. ఆ నోరు ఏమీ మారలేదు. పదిహేనో తేదీలోగా పంపకపోతే ఈ ఏడు జాతర మా ఇంటి ముందే మొదలవుతుందన్నాడు. అందుకని రాస్తున్నాను.

ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చదివామో నాకేమీ గుర్తు లేదు. గంట మాయమైన సంగతి, లెక్కల సార్ సైకిల్ సంగతి, మాటకు ముందు వినాయకుడి మీద ఒట్టేసే మన కాణిపాకం ఎట్లాగూ రాస్తాడు. నాకు మిగిలింది టెన్త్‌లో ఒక్క తెలుగు పీరియడ్.

మార్చి నెల. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది గానీ గాలి రావడం లేదు. అమ్మాయిల బెంచీ కింద చీటీ దొరికింది. రఫ్ నోట్సులో చింపిన కాగితం, నాలుగు మడతలు, మూలన చింతకాయ మరక. అందరి కళ్లూ కాణిపాకం మీదికి పోయాయి. వాడు అలవాటుగా చెయ్యి చాపి, "వినాయకుని సాక్షిగా నాకు తెలీదు సార్" అన్నాడు. ఆ వారంలో వాడికది ఎన్నో ప్రమాణమో!

సార్ చీటీని జేబులో వేసుకుని, మనసులోది ఒంటి మీద బయటపెట్టే ఎనిమిది సాత్త్విక భావాలు బోర్డు మీద వరసగా రాశారు. స్తంభం (కొయ్యబారడం), స్వేదం (చెమట), రోమాంచం, స్వరభేదం, వేపథువు (వణుకు), వైవర్ణ్యం (మొహం రంగు మారడం), అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం).

"నోరు దాస్తుంది రా, ఒళ్లు దాచలేదు. నాట్యశాస్త్రంలో భరతముని ఎప్పుడో పట్టీ రాసిపెట్టినాడు. ఒక్కొక్కరే లేవండి."

కాణిపాకం లేచాడు. గొంతు ఖంగుమంటోంది, చెయ్యి వణకడం లేదు. చెమట మాత్రం కారుతోంది. "మార్చిలో తిరుపతిలో స్వేదం లెక్కలోకి రాదు" అని సార్ కొట్టేసి వాణ్ని కూర్చోబెట్టారు.

తర్వాత నేను. నా చేతిలో కాంపస్ బాక్సు టకటకా కొట్టుకుంటోంది. "వేపథువు" అని సార్ టిక్కు పెట్టారు. పేరు చెప్పమంటే నా పేరు రెండు ముక్కలై వచ్చింది. "స్వరభేదం." ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి, మొహం తెల్లబోయింది, కాళ్లు నేలకు అతుక్కున్నాయి. ఐదు టిక్కులు.

"అశ్రువు కోసం మీ నాయన్ని పిలిపిస్తా. ప్రళయం ఆయనతోపాటే వస్తుంది."

మీరందరూ బెంచీలు చరిచి నవ్వారు. నేను మరిచిపోలేదు.

మీకు తెలియనిది ఒకటుంది. బెల్ కొట్టాక ఆయన నన్ను వరండాలో ఆపి చీటీ నా చేతిలో పెట్టారు. "భయానికీ ఇవే లక్షణాలు, ప్రేమకీ ఇవే. నీది ఏ రసమో నువ్వే చూసుకో" అని రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "హృదయానికి వట్రుసుడి ఉంటుంది రా." ఎప్పుడు విప్పి చదివారో!

నాయన్ని పిలిపించలేదు.

ఎస్వీ మెడికల్ కాలేజీ, ఆ తర్వాతి చదువులు, అవన్నీ మీకు తెలిసినవే. ఇప్పుడు నా పని కూడా అదే పట్టీ చూసి టిక్కులు పెట్టడం. అడ్రినలిన్‌కు ప్రేమ ఏదో భయం ఏదో తెలియదు. రెండింటికీ గుండె దడదడలాడిస్తుంది, చెయ్యి వణికిస్తుంది. మొన్నొక కుర్రాడు వచ్చాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినా దడ రాలేదట, ఫోన్ మోగితే వస్తోందట. ఈసీజీ నార్మల్.

"ఏ ఊరమ్మాయి?" అన్నాను.

"చంద్రగిరి సార్" అన్నాడు. గొంతు రెండు ముక్కలైంది.

క్లినిక్ కట్టినప్పుడు బోర్డు మీద 'హృద్రోగ నిపుణులు' అని రాయమంటే పెయింటర్ వట్రుసుడి మరిచిపోయాడు. అది పెట్టేదాకా వాణ్ని నిచ్చెన దిగనివ్వలేదు.

ఆవిడ కూడా వస్తోందని బండవేషం చెప్పాడు. కార్యక్రమం జనవరిలో పెట్టారు. ఆ చలిలో చెమట పడితే లెక్కలోకి వస్తుంది.