రేకు మీద ఇటుకలు

పదకొండు దాటింది. ఎదురింటి మేడ మీద రేకు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. వాయుగుండమట, సాయంత్రం నుంచి కడపంతా ముసురు, నడుమ నడుమ ఈదురుగాలి. మా ఆయన ఎప్పటిలాగే నిద్రపోయారు. ఆ విద్య నాకు అబ్బలేదు.

ఆ షెడ్డుకు ఒక అంచున బోల్టులే లేవు. ఇటుకలు పెట్టారు. ఇటుకలు! గాలి గట్టిగా లేస్తే రేకు కంటే ముందు మా వరండాలో పడేవి అవే. పొద్దున ఎదురింటాయన గేటు దగ్గర కనిపిస్తే మర్యాదగానే అడిగాను, "అన్నా, ఆ అంచు కాస్త బిగించరాదా" అని. "కడపకు తుపాను ఏమిటమ్మా, సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ" అని నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

2014 అక్టోబరు 12న నేను విశాఖలో అక్క వాళ్లింట్లో ఉన్నాను. హుద్‌హుద్ సంగతి ఇదివరకు రాశానేమో, రాసినా మళ్లీ చదవండి. గంటకు 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత పేపర్లో చూశాం. ఆ పూట మాకు తెలిసిందల్లా కిటికీ అద్దం లోపలికి ఉబ్బడం. అద్దం ఉబ్బుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. బావ పరుపు తెచ్చి కిటికీకి ఆనించారు, అందరం నడవలో గోడవారగా కూర్చున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకైనా కదలలేదు. జనం తలుపులు తీసుకుని పడిపోయిన చెట్లను చూడటానికి వచ్చేశారు, బావ కూడా చెప్పులు వేసుకున్నారు. కింది వాటాలో పనిచేసే జాలరిపేట ముసలమ్మ మెట్లకు అడ్డంగా నిలబడి "ఇంకా సగం ఉంది బాబూ, లోపలికి పోండి" అని కసిరింది. తుపాను కన్ను మా మీదుగా పోతోందని ఆమెకు ఏ టీవీ చెప్పలేదు, కరెంటే లేదు. కాసేపటికి గాలి అవతలి దిక్కు నుంచి వచ్చిపడింది. అంతవరకూ ఒక పక్కకు ఒరిగి నిలదొక్కుకున్న చెట్లు రెండో పక్కకు విరిగాయి. ఎక్కడిదో ఒక రేకు ఎదురు బాల్కనీ ఊచలకు చుట్టుకుపోతే, తర్వాత దాన్ని కోసి తీయాల్సి వచ్చింది.

ఇంత రాశాక, ఎదురింటాయన మాటలో నిజం లేకపోలేదు అనిపిస్తోంది. తుపానుకు బలమంతా వెచ్చటి సముద్రమే. నేల మీదికి వచ్చాక నీరసించి, మన దాకా చేరేసరికి చాలాసార్లు వానే మిగులుతుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయింది నీటికే. 2009లో కర్నూలు మునిగిందీ నీటిలోనే. మన భయమంతా ఏళ్లూ వంకలూ.

సరే అని ఒప్పుకుందామంటే ఆయనగారి లింగాల అరటితోట గుర్తొచ్చింది. ఎండాకాలపు గాలివాన ఒక్క పూట తగిలితే గెల వేసిన తోట నేలమట్టమే. అందుకే చెట్టుచెట్టుకూ వెదురు బొంగు ఊతం పెట్టించి తాళ్లు కట్టించారు, మేము వెళ్లినప్పుడు దగ్గరుండి చూపించారు కూడా. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుందని మా పెద్దవాడు లెక్క చెబుతాడు. ఈయనకు ఆ లెక్క చెప్పనక్కరలేదు, తోటలో ఎలాగూ పాటిస్తున్నారు. తోటలో తాడు, మేడ మీద ఇటుక! గెలకైతే డబ్బు వస్తుంది, మా వరండా వల్ల ఆయనకు ఏమొస్తుంది?

కాకినాడ నుంచి చిన్నది ఫోను చేసింది. బకెట్లు నింపుకుందట, లైటు ఛార్జింగ్ పెట్టుకుందట, అలలు చూద్దాం రమ్మని ఉప్పాడ రోడ్డుకు పిలిచిన స్నేహితురాళ్లను తిట్టిందట. నేను అడగకముందే చెప్పింది, బంగారుతల్లి.

"ఆ నాలుగు బోల్టుల డబ్బు మనమే ఇద్దాంలే" అన్నారు మా ఆయన పడుకోబోతూ. అది తర్వాతి మాట. ఈ గాలిలో తడి రేకు మీదికి ఎవరూ ఎక్కకూడదు. వీధి వైపు గది ఖాళీ చేసి పడకలు వెనక గదిలోకి మార్చాను, వరండాలోని బండిని కూడా పక్క సందులోకి పెట్టించాను. గాలి తగ్గాక మేస్త్రీని నేనే పిలుస్తాను. డబ్బు మాత్రం ఎదురింటాయనే ఇవ్వాలి.