మామిడాకు కింద ఉన్నదాని పేరు

చెప్పుకుంటే నవ్వుతారు గానీ నేను మూడు వారాలు మంచం పట్టింది ఒక బొంత పురుగు వల్ల. డెంగ్యూ కాదు టైఫాయిడ్ కాదు. ఆఫీసులో లీవ్ ఎక్స్‌టెండ్ చేయమని మెయిల్ పెడుతూ కారణం దగ్గర ఏం రాయాలో తెలీక పది నిమిషాలు కూర్చున్నా, చివరికి స్కిన్ అలర్జీ అని రాసి ఊరుకున్నా.

మాది అంబాజీపేట పక్కన ఒక ఊరు. చవితికి హైదరాబాద్ నుంచి పిల్లాడిని తీసుకుని పుట్టింటికి వెళ్ళా. వాడికి ఏడేళ్ళు, పత్రి అంటే బజార్లో కట్ట కట్టి అమ్మేదే అనుకుంటున్నాడు, అలా కాదురా మనమే కోసుకుందాం రా అని పొద్దున్నే పెరట్లోకి తీసుకెళ్ళా. గరిక అయింది, ఉత్తరేణి అయింది, ఉమ్మెత్త అయింది, చూతపత్రం అంటే ఏంటమ్మా అన్నాడు, మామిడాకేరా అని చెప్పి కింద కొమ్మ వంచి నాలుగు ఆకులు ఒకేసారి గుప్పెట్లోకి తీసుకుని లాగా. అంతే. కుడి మణికట్టు లోపలి వైపు ఎవరో కరెంటు తీగ పెట్టినట్టు జివ్వుమంది. తేలు అనుకున్నా ముందు. ఆకులు కింద పడేసి చూస్తే ఒక ఆకు వెనక ఆకుపచ్చగా, వీపు మీద నీలం చారలతో, ఒళ్ళంతా ముళ్ళ కుచ్చులతో నా చిటికెన వేలంత పురుగు అంటుకుని ఉంది, అసలు అది కదల్లేదు కూడా, నేను వెళ్ళి దాని మీద చెయ్యి వేశా అంతే. నిజం చెప్పాలంటే చూడ్డానికి చాలా బాగుంది.

ఇక్కడే మొదటి తప్పు చేశాం. అమ్మ పరిగెత్తుకొచ్చి విభూతి వేసి గట్టిగా రుద్దింది, మా వైపు బొంత పురుగు పాకితే అదే చేస్తారు. పెద్దమ్మ వచ్చి పసుపూ కొబ్బరినూనె అంది, అదీ రుద్దారు. రుద్దేకొద్దీ మంట చెయ్యంతా ఎక్కింది. పూజ అయ్యేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా వరసగా దద్దుర్లు, సరిగ్గా ఆ ముళ్ళ కుచ్చులు ఎలా ఉన్నాయో అలా జంట జంటగా అచ్చు పడింది. ఉండ్రాళ్ళు కూడా ఎడమ చేత్తో తిన్నా, నాన్న ముఖం పక్కకి తిప్పుకున్నారు.

మధ్యాహ్నానికి చంకలో బిళ్ళ కట్టింది. సాయంత్రం అయిదింటికి కడుపు మీద, తొడల మీద కూడా దద్దుర్లు లేచాయి, ఆ పురుగు అక్కడ తగలనే లేదు కదా. రాత్రి ఎనిమిదికి పై పెదవి ఉబ్బడం మొదలైంది, అప్పుడు మాత్రం భయం వేసింది. తమ్ముడు బండి మీద కాదు కారు తీయించి అమలాపురం తీసుకెళ్ళాడు. ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ఎవిల్, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్లు చేసి నాలుగు గంటలు పడుకోబెట్టారు. ఊపిరి ఆడుతోందా, గొంతు బిగుస్తోందా అని అడుగుతూనే ఉన్నారు. తెల్లారుజామున పెదవి తగ్గింది, ఇంటికి పంపారు. చీటీ మీద ఒక్క మాట రాశారు, ఇన్‌సెక్ట్ బైట్ అని.

ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. అది నన్ను కరవలేదు. కరవకపోతే ఏంటి తేడా అంటారేమో, తేడా అంతా అక్కడే ఉంది. కరిస్తే విషం లోపలికి వెళ్ళి అయిపోతుంది. ఇక్కడ ముళ్ళు చర్మంలో విరిగి ఉండిపోయాయి, ఆ సంగతి చూడమని ఆ చీటీ ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజుకి మణికట్టు ఎర్రగా వేడిగా పొంగింది, నిద్రలో గోక్కున్నాను కాబట్టి చీము కూడా పట్టింది, జ్వరం 102. ఊళ్ళో ఆర్ఎంపీ ఏదో ఆయింట్‌మెంట్ ఇచ్చి మళ్ళీ రుద్దమనే చెప్పాడు. రుద్దడం అనే మాట వింటే ఏడుపొచ్చేది అప్పుడు.

ఆరో రోజు రాజమండ్రిలో స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ లెన్స్ పెట్టి చూసి, ఇంకా ఉన్నాయమ్మా లోపల, నల్లగా చుక్కల్లా కనబడుతున్నాయి అన్నారు. పురుగు తగిలిన నిమిషంలోనే సెల్లో టేప్ అతికించి లాగి, మళ్ళీ కొత్త ముక్క అతికించి లాగి, తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి ఐస్ పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అన్నారు. పది రూపాయల టేపు! ఇంట్లో పిల్లాడి పుస్తకాలకి అట్టలు వేయడానికి తెచ్చింది ఉంది కూడా. యాంటీబయాటిక్ ఏడు రోజులు, రాత్రి పూట దురద మాత్ర, ఒక స్టెరాయిడ్ క్రీము పల్చగా పూయడానికి మాత్రమే. ఆవిడే అడిగారు, ఏ పురుగమ్మా అది, ఫోటో ఉందా అని. లేదు. బొంత పురుగు అన్నా. బొంత పురుగుల్లో ఏది అన్నారు. ఆ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది.

మంచం మీద ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చేసే పనేం ఉంటుంది, అదే వెతికా. మా చిన్నాన్న గారి అబ్బాయి హార్టికల్చర్ చదివాడు, వాడికి ఫోన్ చేస్తే, అక్కా దాన్ని చంపేశారా ఏంటి అని ముందు దాని గురించి కంగారు పడ్డాడు వెధవ. సాయంత్రం వచ్చి అదే చెట్టు మీద ఇంకో రెండు పట్టుకుని హార్లిక్స్ సీసాలో కొమ్మతో సహా పెట్టి మూతకి గుడ్డ కట్టాడు. చేతికి తొడుగు వేసుకునే పట్టాడు. పారసా లెపిడా అక్కా అన్నాడు. కొబ్బరి, మామిడి, ఆముదం, దానిమ్మ, గులాబీ, ఆయిల్ పామ్, ఏదైనా తింటుందట. చిన్నప్పుడు ఆకు కింద గుంపుగా ఉండి ఒకే వైపు గోకి తింటాయి, పెద్దయ్యాక విడిపోతాయి. మాకు దొరికింది అలా విడిపోయినదే, గుంపుకి తగిలి ఉంటే నా సంగతి ఏమయ్యేదో.

దీని కుటుంబం పేరు లైమకోడిడే, లైమాక్స్ అంటే లాటిన్లో స్లగ్, అంటే గుల్ల లేని నత్త. మన వ్యవసాయం వాళ్ళు స్లగ్ గొంగళి పురుగు అంటారు. మామూలు గొంగళికి పొట్ట కింద బుడిపెల్లాంటి కాళ్ళుంటాయి కదా, వీటికి వాటి బదులు అతుక్కునే మెత్తని అడుగు ఉంటుంది, పాకదు, జారుతుంది. అందుకే ఆకుని అంత గట్టిగా పట్టుకుని ఉంది, లాగినా రాలలేదు. ఒంటి మీద ముళ్ళు బోలుగా ఉంటాయి, ముల్లు అడుగున విషం కణాలు, తగిలితే మొన విరిగి లోపల దిగుతుంది. ఇదే కుటుంబంలో ఆస్ట్రేలియా పురుగు ఒకదాని విషాన్ని 2021లో పరీక్షిస్తే 151 రకాల ప్రోటీన్ విషాలు తేలాయట. జపాన్ వాళ్ళు ఈ రకం పురుగుల్ని ముద్దుగా కరెంటు పురుగు అంటారని చదివి హమ్మయ్య నేను ఊహించుకోలేదు అనుకున్నా. మన పారసా లెపిడా కూడా అక్కడికి చేరి ఊళ్ళలో చెట్ల మీద స్థిరపడింది. ఇదే కుటుంబంలో డార్నా పల్లివిట్టా అనే ఇంకో పురుగు 2001లో హవాయి దీవిలో కనబడింది, అక్కడ నర్సరీల్లో పనిచేసేవాళ్ళు దీని దెబ్బ తిని గోల పెడితే, దీని మీద గుడ్లు పెట్టే చిన్న కందిరీగ జాతిని తైవాన్ నుంచి తెప్పించి పరీక్షించి 2010లో వదిలారు.

సరే పేరు దొరికింది కదా అని ఊరుకుందామంటే, ఒక పాత వ్యవసాయ పుస్తకం పీడీఎఫ్‌లో ఇదే బొమ్మ, ఇదే నీలం చారలు, పేరు మాత్రం లటోయా లెపిడా. రెండు పురుగులా అని ఆ హార్టికల్చర్ తమ్ముడిని అడిగితే నవ్వాడు. ఒకటేనక్కా, ఇంటిపేరు మారింది అంతే అన్నాడు. మన ఆడవాళ్ళ సంగతే అన్నమాట.

కథ ఇలా ఉంది, నాకర్థమైనంత వరకు. దీన్ని మొదట వర్ణించింది క్రామర్ అనే డచ్చాయన, పేరు పక్కన 1799 అని వేస్తారు, ఆయన దీన్ని నాక్టువా అనే వేరే ఇంట్లో పెట్టాడు. ఇప్పటికీ క్రామర్ పేరు బ్రాకెట్లలో రాస్తారు, అలా బ్రాకెట్లలో ఉందంటే ఆయన పెట్టిన ప్రజాతి, అంటే పేరులో మొదటి మాట, ఇది కాదు తర్వాత మార్చారు అని గుర్తు, ఇది తెలిసినప్పటి నుంచి ఎక్కడ ఏ పేరు పక్కన బ్రాకెట్ కనబడినా ఆగి చూస్తున్నా, అదో పిచ్చి పట్టింది. తర్వాత లండన్లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేసిన మూర్ 1860 ప్రాంతంలో పారసా అనే ప్రజాతి పెట్టాడు. 1892లో హాంప్సన్ మన దేశపు రెక్కల పురుగుల పుస్తకంలో దీన్ని అందులోనే రాశాడు. కానీ మూర్ కంటే ముందే 1844లో ఫ్రాన్స్‌లో ఒకాయన లటోయా అనే ప్రజాతి పెట్టి ఉన్నాడు. రెండూ ఒకటే అనుకుంటే పాత పేరే నిలబడాలి, అది రూలు. కాదు వేరు వేరు అనుకుంటే రెండూ ఉంటాయి. ఒకటే అనుకున్నవాళ్ళు లటోయా అని రాశారు, కాదన్నవాళ్ళు పారసా అన్నారు, మధ్యలో మన రైతు పుస్తకాలు ఎవరికి తోచింది వాళ్ళు వేసుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది మనదాన్ని పారసా అనే అంటున్నారు.

అసలు గొడవ రెక్కల రంగు దగ్గర వచ్చింది. ఆకుపచ్చ రెక్క, గోధుమ అంచు ఉన్న ప్రతిదాన్నీ, అది ఆసియాదైనా ఆఫ్రికాదైనా అమెరికాదైనా, తెచ్చి ఈ ఒక్క ఇంట్లో పడేశారు. లోపలి భాగాలు, అంటే మగ ఆడ అవయవాలు, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే అందరూ ఒక తల్లి పిల్లలు కారని తేలింది. సొలొవ్యేవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 2014లో ఆసియా వైపు వాటన్నింటినీ మళ్ళీ మొదట్నుంచి చూసి ఆ గుంపుని విడగొట్టాడు. నా చీటీ గుర్తొచ్చింది. ఎర్రగా ఉబ్బిన ప్రతిదాన్నీ ఇన్‌సెక్ట్ బైట్ అనే ఇంట్లో పడేయడం కూడా ఇలాంటిదే కదా. నన్ను బాగు చేసింది లెన్స్ పెట్టి చూసినావిడే.

ఇంకో మాట. లెపిడా అంటే లాటిన్లో సొగసైనది, ముచ్చటైనది అని అర్థమట. ఒప్పుకుంటా.

రెండో వారం చివరికి జ్వరం పూర్తిగా పోయింది, చంకలో బిళ్ళ కరిగింది. మణికట్టు మీద తోలు ఊడి కొత్త చర్మం వచ్చింది, కానీ రాత్రిళ్ళు ఉన్నట్టుండి ఆ చుక్కల దగ్గర మాత్రమే దురద లేచేది, టేబుల్ మీద స్టీలు గ్లాసులో చల్లనీళ్ళు పెట్టుకుని దాన్ని ఆనించి పడుకునేదాన్ని. మూడో వారం కుడిచేత్తో అన్నం కలుపుకున్నా. పెద్ద సుఖం అది, వంకాయ పచ్చడి. ఇప్పటికీ ఏడు గోధుమరంగు మచ్చలున్నాయి, తగ్గడానికి నెలలు పడుతుందన్నారు డాక్టరు గారు. ఎప్పుడైనా మళ్ళీ తగిలితే పెదవి వాచేదాకా ఆగకుండా వెంటనే రమ్మన్నారు, పర్సులో మాత్ర పెట్టుకుని తిరుగుతున్నా.

హార్లిక్స్ సీసాలో పురుగులు నేను ఊళ్ళో ఉండగానే కొమ్మకి అంటించి గూళ్ళు కట్టుకున్నాయి, గోధుమరంగులో గుండ్రంగా గట్టిగా, పెద్ద గింజని సగానికి కోసి అతికించినట్టు. హైదరాబాద్ వచ్చేశాక ఒక రాత్రి నాన్న వీడియో కాల్ చేశారు. ఒక గూటికి మూత గుండ్రంగా డబ్బా మూతలా తెరుచుకుని ఉంది, పక్కన రెక్కల పురుగు, భుజాల మీద బొచ్చుతో సహా పచ్చటి పచ్చ, రెక్క చివర గోధుమ అంచు. పిల్లాడు ఫోన్ లాక్కుని ఇదేనా అమ్మా నిన్ను కుట్టింది, ఇదేనా అని అడుగుతూనే ఉన్నాడు.

"ఇంత అందంగా ఉందేంటమ్మా ఇది, ఈ గూడు పిల్లాడికి దాచి ఉంచుతా ఆగు," అని నాన్న సీసాలో చెయ్యి పెట్టబోయారు.

"నాన్నా ముట్టుకోకండి! దాని ముళ్ళు గూడు మీద కూడా ఉంటాయి!" అని అరిచా, పక్క ఫ్లాట్ వాళ్ళు బెల్ కొట్టారు.