కార్తీక స్నానం తర్వాత మూడో రాత్రి

పోయిన కార్తీక పౌర్ణమికి తెల్లవారుజామున బెజవాడ దుర్గా ఘాట్‌లో మూడు మునకలు వేశాను. నాలా సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు) ఉన్నవాళ్లు చేయకూడని పని. పైగా ముందురోజు ఉపవాసమని మంచినీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. చన్నీళ్లకి నాళాలు ముడుచుకుంటాయి, రక్తం నడక మందగిస్తుంది. మా ఎర్రకణాల్లో ఉండే తేడా హిమోగ్లోబిన్, అంటే హిమోగ్లోబిన్ ఎస్, ఆక్సిజన్ వదిలేశాక ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లా బిగుసుకుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. అవి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే ముందు ఎముకలే ఏడుస్తాయి. మధ్యాహ్నానికి నడుము, తొడలు పట్టేశాయి.

ఆసుపత్రి, సెలైన్, నొప్పి ఇంజెక్షన్లు నాకు కొత్త కాదు. మూడో రాత్రే కొత్త. పోటు ఛాతీలోకి వచ్చింది. గట్టిగా పీలిస్తే పక్కటెముకల కింద గుచ్చుతోందని పైపైనే ఊపిరి తీస్తున్నాను. జ్వరం 102. వేలికి పెట్టిన ఆక్సీమీటరులో 95, కాసేపటికి 92, రాత్రి రెండింటికి 88. డ్యూటీ డాక్టరు మంచం దాకా రాకుండానే "మీ అమ్మాయికి ఇంజెక్షన్ అలవాటైనట్టుందమ్మా, కాస్త చూసుకోండి" అన్నాడు. అమ్మ తల దించుకుంది. అది మాత్రం నేను మర్చిపోను.

పైపైన ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగుభాగానికి గాలి అందదు. అక్కడ ఆక్సిజన్ తగ్గితే ఇంకొన్ని కణాలు వంగుతాయి. సెలైన్ ఎక్కువైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, నాకేమో సీసా తర్వాత సీసా. నర్సమ్మే ఆ 88 చూసి సెలైన్ తగ్గించి, పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. ఎక్స్‌రేలో కుడివైపు అడుగున తెల్లమచ్చ. వంగే కణాలు తగ్గేలా నా రక్తం కొంత తీస్తూ దాత రక్తం ఎక్కించారు. తీయకుండా ఎక్కిస్తూనే పోయి హిమోగ్లోబిన్ 10 దాటిస్తే రక్తం చిక్కబడి మొదటికే మోసం. తెల్లారేసరికి 95. తర్వాత మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, మూడు బంతుల పరికరంలో పదేసి ఊపిరులు పీల్చమన్నారు. మీకూ నొప్పితో పడుకోవాల్సి వస్తే మొదటి రోజే అడిగి తెచ్చుకోండి.

తప్పు నాదీ ఉంది. హైడ్రాక్సీయూరియా "కేన్సర్ మందు" అని ఎవరో అంటే మానేశాను. కేన్సర్‌కీ వాడతారు, నిజమే. మనకి మాత్రం పసికందుల్లో ఎక్కువగా ఉండే హిమోగ్లోబిన్ ఎఫ్‌ని పెంచి కణం వంగకుండా కాస్తుంది. ఫలితానికి నెలలు పడుతుంది, తెల్లకణాలు పడిపోకుండా రక్తపరీక్షలు చేయిస్తుండాలి, పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుకి చెప్పాలి.

"రక్తం తక్కువ కదా, ఐరన్ టానిక్ పట్టించు" అనే అత్తయ్యలకో దండం. మామూలు ఎర్రకణం 120 రోజులుంటే మాది 10–20 రోజుల్లో పగిలిపోతుంది. పగిలిన కణంలోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది, ఎక్కించిన రక్తంతో ఇంకా చేరుతుంది. కొత్త కణాలకి కావలసింది ఫోలిక్ యాసిడ్. పరీక్షలో లోటు తేలితేనే ఐరన్.

"మీ అమ్మ వైపు జబ్బు" అన్న నాన్న వైపువాళ్లకి కూడా: అమ్మ నుంచి ఒక జన్యువు, నాన్న నుంచి ఒక జన్యువు వస్తేనే ఇది. అందుకే తమ్ముడికి పెళ్లి సంబంధాలు చూడకముందే హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించాం. సాల్యుబిలిటీ పరీక్ష ఎస్ ఉందో లేదో చెప్తుందిగానీ జబ్బా, వాహకుడా (ఒక్క జన్యువే ఉన్నవాడా) అన్నది తేల్చదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం.

ఆ రాత్రి అమ్మ దుర్గమ్మకి మొక్కుకుందట. సీసాడు నీళ్లు పట్టుకుని, మూడుచోట్ల కూర్చుని మెట్లెక్కి తీర్చాను. ఈ కార్తీకంలో అమ్మ ఘాట్ నుంచి చెంబుడు కృష్ణ నీళ్లు తెచ్చి, నా వేడినీళ్ల బకెట్‌లో కలిపింది.