వ్యాసం పేపరు: నా చిత్తు పేజీ కథ

సివిల్స్ మెయిన్స్ వ్యాసం పేపరుకు 250 మార్కులు, మూడు గంటలు. రెండు విభాగాలు, ఒక్కోదానిలో నాలుగు అంశాలు. ఒక్కోదాని నుంచి ఒకటి ఎంచుకుని రాయాలి. ఇదంతా మీకు తెలిసిందే. నన్ను దెబ్బతీసింది రాయడం కాదు, ఆ ఎంచుకోవడం.

మొదటి మాక్ టెస్టులో సూక్తిలాంటి అంశం చూసి ముచ్చటపడ్డాను. మూడు పేజీలు జోరుగా సాగాయి. నాలుగో పేజీ నుంచి మొదటి పేజీనే తిప్పి రాశాను. దిద్దినవారు పక్కన 'ఇది ముందే చెప్పారు' అని రెండుచోట్ల రాసి ఇచ్చారు.

తర్వాత ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంటి అరుగు మీద 2016 పేపరు ముందేసుకున్నాను. సమాఖ్య భారతంలో రాష్ట్రాల మధ్య జల వివాదాలు అన్న అంశాన్ని వెంటనే కొట్టేశాను. నదీ జలాల తగాదాలపై రాజ్యాంగంలోని 262వ అధికరణం, 1956 నాటి చట్టం తప్ప ఏమీ తట్టలేదు. అమ్మ నవ్వింది. "మీ మామయ్యా, పెదనాన్నా ప్రతి పెళ్లిలో దెబ్బలాడుకునేది దేని గురించిరా?"

మామయ్యది ఒడిశా వైపు కాశీనగరం. పెద్దమ్మను ఇచ్చింది వంశధార నదికి అవతల, ఆంధ్రలోని భామినిలో. నేరడి దగ్గర బ్యారేజీ కడితే మా భూములు మునుగుతాయని మామయ్య, కట్టకపోతే నీళ్లన్నీ సముద్రం పాలని పెదనాన్న. చిత్తు కాగితాన్ని నిలువునా మడిచి ఇద్దరి వాదనలు చెరోవైపు రాశాను. ఈ నీళ్ల తగాదా తేల్చడానికి 2010లో వేసిన ట్రైబ్యునల్ తీర్పుకు 2017 దాకా ఎందుకు పట్టింది? మునిగే భూమికి వెల కట్టేదెవరు? పావుగంటలో పద్నాలుగు పాయింట్లు వచ్చాయి. అధికరణాలు ఆ తర్వాత వాటంతట అవే వచ్చి చేరాయి. (వ్యాసంలో మామయ్య కనిపించకూడదు సుమా! 'ఇరుగట్ల రైతులు' అనే రాశాను.)

ఆ ఉత్సాహంలో ఒక తప్పు చేశాను. రెండో విభాగంలో సహకార సమాఖ్య (కేంద్రం, రాష్ట్రాలు కలిసి పనిచేయడం) గురించిన అంశం తీసుకుని, దానికీ వంశధార నీళ్లే పారించాను. రెండు వ్యాసాలూ కవలల్లా తయారయ్యాయి. మర్నాడు దాన్ని వదిలి, ఉద్యోగాలు పెరగని ఆర్థిక వృద్ధి అన్న అంశం పట్టుకున్నాను. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లే కుర్రాళ్లు మా వీధికి కొత్త కాదు. పండుగకు వచ్చినవాడిని ఆపి కూలి, అద్దె, ఇంటికి పంపే డబ్బు అడిగితే చిత్తు పేజీ సగం నిండింది. మిగతా సగానికి మాత్రం కేంద్రం ఏటా వెలువరించే ఆర్థిక సర్వే తిరగేయక తప్పలేదు.