వాటర్లూ కుడి పక్క: హిస్టరీ ఆప్షనల్‌తో నా ప్రిపరేషన్

సివిల్స్ ఫైనల్ లిస్ట్ వచ్చినప్పటి నుంచి జూనియర్లందరిదీ ఒకటే ప్రశ్న. తెలుగు మీడియంలో హిస్టరీ ఆప్షనల్ (మెయిన్స్‌లో మనం ఎంచుకునే సబ్జెక్టు) ఎలా లాగావన్నా అని. అన్ని చాప్టర్లూ చెప్పుకుంటూ పోతే తెమలదు. పేపర్-2లో నేను జవాబు రాసే తీరునే మార్చేసిన ఒక్క యుద్ధం గురించి, అంటే నెపోలియన్ చివరిగా ఓడిన వాటర్లూ గురించి వివరంగా చెప్తాను.

నెపోలియన్ పతనం అనగానే మనందరి నోట్సులో వరస తెలిసిందే: కాంటినెంటల్ సిస్టమ్ (బ్రిటన్‌తో యూరప్ వ్యాపారాన్ని ఆపే ప్రయత్నం), స్పెయిన్, 1812 రష్యా, లీప్‌జిగ్, చివర్లో వాటర్లూకి ఒక్క లైను. 'గ్రూషీ సమయానికి రాలేదు, ఓడిపోయాడు' అని ముగిస్తాం. గ్రూషీ అంటే ప్రష్యన్లను తరమడానికి నెపోలియన్ పంపిన సేనాని. టెస్ట్ సిరీస్‌లో సార్ ఆ లైను పక్కన ఎర్ర పెన్నుతో 'అయితే?' అని రాసి పంపారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఏ4 కాగితం మీద మ్యాప్ గీయడం మొదలుపెట్టాను.

1815 జూన్ 18, ఇప్పటి బెల్జియంలో. ఉత్తరాన గట్టు మీద బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్, దక్షిణాన నెపోలియన్. ముందు రాత్రంతా వాన. నేల కాస్త ఆరనిచ్చి దాడి మొదలుపెట్టేసరికి పదకొండు దాటింది. ఇప్పుడు పెన్సిల్‌ని తూర్పున వావ్ర్ ఊరికి జరపండి. రెండు రోజుల ముందు లిన్యీలో నెపోలియన్ చేతిలో ఓడిన ప్రష్యన్లు (వెల్లింగ్టన్ మిత్రులు, జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం) తమ సరఫరా దారి పట్టుకుని తూర్పుకి పోలేదు, ఉత్తరంగా వావ్ర్‌కి తగ్గారు. యుద్ధం అక్కడే మలుపు తిరిగిందని నా నమ్మకం. వాళ్ల సేనాని బ్యూలో కోర్ (పెద్ద సైన్య విభాగం) తెల్లవారుజామున బయల్దేరి, లాన్ వాగు లోయలో బురదలోంచి ఫిరంగులు లాక్కుంటూ, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో అడవి దాటి నెపోలియన్ కుడి పార్శ్వం మీద పడింది. లిన్యీలో గుర్రం కింద పడి నలిగిన 72 ఏళ్ల ప్రష్యన్ ప్రధాన సేనాని బ్లూచర్ దగ్గరుండి నడిపించాడు.

వాళ్ల గురి ప్లాన్సెన్వా గ్రామం. అది ఫ్రెంచి వరసకు వెనకవైపు ఉంది. అది పోతే వెనక్కి తగ్గే రోడ్డే తెగిపోతుంది. అందుకే నెపోలియన్ తన సేనాని లోబో కోర్‌ని అటు నిలబెట్టాడు. చాలలేదు. తన ఇంపీరియల్ గార్డ్ (సొంత ఎంపిక సైన్యం)లోని యంగ్ గార్డ్‌ని పంపాడు. అదీ చాలక ఓల్డ్ గార్డ్ నుంచి రెండు బెటాలియన్లు. సరిగ్గా ఆ సమయంలో మధ్యలో లా ఎ సెంత్ ఫామ్‌ని పట్టుకున్న మార్షల్ నే, ఇంకా సైన్యం కావాలని కబురు పంపాడు. చేతిలో మిగిలింది గార్డ్‌లో కొంత భాగమే, దాన్ని అప్పుడు ఇవ్వలేదు. ఓడింది గార్డ్ చివరి దాడిలోనే అనుకుంటాం గానీ, ఆ దాడికి కావలసిన బలంలో చాలా భాగం అప్పటికే ప్లాన్సెన్వా మింగేసింది. గ్రూషీ మాటా మ్యాప్‌లోనే తేలిపోతుంది. 33 వేల మందితో అతను వావ్ర్ దగ్గర ఒక్క ప్రష్యన్ కోర్‌ని ఆపాడు, మిగతా మూడూ వాటర్లూ వైపు నడిచాయి.

'యుద్ధాలు సిలబస్‌లో ఎక్కడున్నాయి, టైమ్ వేస్ట్' అని రూమ్‌లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. ఆ వెల్లింగ్టనే 1803లో మన దేశంలోని అసాయిలో కైత్నా నది దాటి మరాఠాల పార్శ్వం మీదికి వెళ్లిన ఆర్థర్ వెల్లస్లీ. అక్కడ మరాఠాల తరఫున పోల్‌మన్ నడిపిన సేన సమయానికి ముఖం తిప్పుకుని కొత్త వరస కట్టింది, అందుకే బ్రిటిష్‌వాళ్ల గెలుపు అంత నెత్తుటి గెలుపైంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఇండియన్ హిస్టరీ, వరల్డ్ హిస్టరీ రెండు సబ్జెక్టుల్లా అనిపించవు. కారణాల జాబితా బట్టీ పట్టినవాళ్లకి ఏ కారణం ఎప్పుడు, ఎంత బరువు తూగిందో రాయడం రాదు. రోజూ కుర్చీలో కూర్చోవాలి, ఫోన్ పక్క గదిలో పెట్టాలి, ఒక్క విషయమైనా అడుగంటా తవ్వాలి. ఓపిక లేనివాళ్లకి హిస్టరీ ఆప్షనల్ వద్దనే చెప్తాను.

జీఎస్ (జనరల్ స్టడీస్)కి అందరూ చదివినవే చదివాను. ఎస్సేకి పాత పేపర్లు, కరెంట్ అఫైర్స్‌కి ఒక్క దినపత్రిక. చేత్తో గీసిన మ్యాపులన్నీ స్కాన్ చేసి ఉంచాను, కావలసినవాళ్లు అడగండి, పంపిస్తాను.