మేస్త్రి పుస్తకం, మా సీనియర్ లెక్క

ముందే ఒప్పేసుకుంటా, నా అంచనా తప్పింది. గజపతినగరం వైపు తాపీమేస్త్రి ఒకాయన, 38 ఏళ్లు, రోడ్డు ప్రమాదంలో పోయాడు (వివరాలు కొంచెం మార్చి రాస్తున్నా). భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. విజయనగరం కోర్టులో నష్టపరిహారం కోసం క్లెయిమ్ వేశాం. తీర్పుకి ముందురోజు ఆవిడతో నేను "నెలకి 15,000 సంపాదన కింద తీసుకుంటారమ్మా" అని ధీమాగా చెప్పేశా. మా సీనియర్ టీ తాగుతూనే "పన్నెండు" అన్నారు. పన్నెండే వచ్చింది.

ఈ కేసుల్లో ఊహించాల్సింది పోయినవాడు బతికుంటే ఎంత సంపాదించేవాడో. అది ఎవడు చెప్పగలడు? ఒకప్పుడు ఒక్కో చోట ఒక్కో లెక్క ఉండేది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఒక పట్టిక ఖాయం చేసింది, వయసు 36 నుంచి 40 అయితే ఏడాది సంపాదనను 15తో గుణించాలి. అరవై దాకా చూస్తే 22 ఏళ్లు కదా, 15 ఏంటి అని అందరూ అడుగుతారు. డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది, బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది, పైగా బతికున్నా అన్నేళ్లూ పని దొరికేదని గ్యారంటీ లేదు, అందుకని తగ్గించారు. 2017లో ప్రణయ్ సేథీ కేసులో అయిదుగురు జడ్జీలు ఇంకోటి తేల్చారు, సొంతంగా పని చేసుకునేవాడు నలభై లోపు పోతే ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని. అతని మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి.

లెక్క కట్టండి. 12,000కి 40 శాతం కలిపితే 16,800, నాలుగో వంతు పోతే 12,600, ఏడాదికి 1,51,200, పదిహేనుతో గుణిస్తే 22,68,000. నెల సంపాదన దగ్గర ఒక్క వెయ్యి అటూ ఇటూ అయితే చివర్లో 1,89,000 తేడా. అంటే కొట్లాటంతా ఆ ఒక్క అంకె మీదే, మిగతాది క్యాలిక్యులేటర్ పని.

ఆ అంకెకి మా దగ్గరున్న సాక్ష్యం ఒక జేబు పుస్తకం. అట్ట మీద సిమెంటు మరకలు, లోపల చేతికింద పనివాళ్ల హాజరు, ఎవరికెంత కూలి ఇచ్చాడో పెన్సిల్‌తో రాసుకున్నాడు. తన కూలి మాత్రం ఎక్కడా లేదు, తన కూలి తనెందుకు రాసుకుంటాడు! అయినా పెద్ద ఆధారం దొరికిందనుకున్నా. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇన్సూరెన్స్ లాయరుగారు నిదానంగా ఆషాఢం పేజీలు తిప్పి, ఆ నెలలో పని 11 రోజులే అని చూపించారు. నేను హాజరు పేజీలన్నీ చూశాను గానీ, ఆ పేజీల్లో రోజులు మాత్రం లెక్కపెట్టలేదు.

మా సీనియర్‌కి అదృష్టమేమీ కాదు. ఆయన పుస్తకం చూసింది తక్కువ, మన దగ్గర కాగితాల్లేని మేస్త్రీలకి ఇదివరకు ఎంత కట్టారో గుర్తుపెట్టుకున్నది ఎక్కువ. అమెరికాలో 2002లో ఇలాంటి పందెమే పెట్టారు. అక్కడి సుప్రీంకోర్టు తీర్పుల్ని ముందే చెప్పమని ఒకవైపు న్యాయ నిపుణుల్నీ, ఇంకోవైపు ఆరే ఆరు విషయాలు చూసే ఒక గణాంక నమూనానీ పెడితే, నమూనా 75 శాతం సరిగ్గా చెప్పింది, నిపుణులు 59 దగ్గర ఆగారు. కేసు లోతుల్లోకి వెళ్లినవాళ్లే ఎక్కువ తప్పారు. నేనూ అంతే, ఆ పుస్తకంతో ప్రేమలో పడిపోయా.

అయినా నాకొక పేచీ ఉంది. పాత అంకెల్ని చూసి కొత్త అంకె చెప్పేవాడు ఎప్పుడూ గెలుస్తాడు, ఎందుకంటే జడ్జిగారూ ఆ పాత అంకెల్నే చూస్తారు. మరి ఆ పాత అంకె మొదట్లోనే తక్కువ కట్టిందైతే? పన్నెండు వస్తుందని చెప్పడం వేరు, ఆ మనిషి పన్నెండే సంపాదించాడనడం వేరు. ఆ రెండోది చెప్పాలంటే ఎవరో ఒకరు కూర్చుని పేజీ పేజీ చదవాల్సిందే, ఆషాఢంతో సహా. ఈసారి ముందు నేనే లెక్కపెడతా.

మొన్న ఆవిడ మళ్లీ వచ్చింది. డబ్బు గురించేమో అనుకున్నా.

"బాబూ, ఆ బుక్కు ఎప్పుడిస్తారు?"

కోర్టులో సాక్ష్యంగా ఎగ్జిబిట్ అయింది కదమ్మా, అప్పీలు గడువు పోవాలి, అప్లికేషన్ పెట్టాలి అని చెప్తున్నా. ఆవిడ వినిపించుకోలేదు.

"ఎనక పేజీల్లో రెండిళ్లవాళ్లు ఇవ్వాల్సిన బాకీ రాసుంది బాబూ. చూపించకపోతే ఇవ్వరు."

వెనక పేజీలు కూడా నేను చూడలేదు.