బియ్యం నడిచొచ్చిన దారిని పాడేవాళ్ళు

మొన్న రాత్రి బియ్యం కడుగుతుంటే గుప్పెడు గింజలు సింకులోకి జారిపోయాయి, ఒక్కోటీ ఏరుతూ ఉంటే తోను వుజో గుర్తొచ్చింది. చాలారోజులుగా ఆవిడ గురించి రాయాలనుకుంటున్నా, ఇవాళ కూర్చున్నా.

ఇండోనేషియాలో ఫ్లోరెస్ అని పొడుగాటి దీవి ఉంది కదా, దాని తూర్పు కొసన, దాని పక్కనే ఉన్న సోలోర్, అడొనారా, లెంబాటా దీవుల్లో లమహోలోత్ భాష మాట్లాడే జనం ఉంటారు. ఎక్కువమంది కాథలిక్కులే, పోర్చుగీసువాళ్ళు 1500ల్లోనే అక్కడికి వచ్చేశారు మరి. అయినా పొలం దగ్గరికొచ్చేసరికి పాతకాలం నాటి కథ ఒకటి వాళ్ళకి ఇప్పటికీ పాటలో బతికే ఉంది. తంజుంగ్ బుంగా అనే ద్వీపకల్పంలో ఆ కథలో అమ్మాయి పేరే తోను వుజో. ఊరిని బట్టి పేరు మారుతుంది, కథలో కొన్ని సంగతులూ మారతాయి, కొన్నిచోట్ల నోగో గును అంటారు.

కథ చిన్నదే. తిండి గింజలే లేని రోజులు, అన్నదమ్ముల మధ్య ఒక్క ఆడపిల్ల. అడవి నరికి చదును చేసిన చేలో నన్ను బలివ్వండి అని ఆ పిల్లే అన్నలకి చెప్పింది. వాళ్ళు ఏడుస్తూనే ఆ పని చేశారు. కొన్నాళ్ళకి ఆ చేలోకి వెళ్ళి చూస్తే ఆమె ఒంట్లోంచి వరి, మిగతా పంటలూ మొలిచి ఉన్నాయి. అంతే కథ. అంటే వాళ్ళకి వరి అనేది వస్తువు కాదు, చెల్లెలు. కంచంలో చెల్లెలు ఉందనుకుంటే ఒక్క మెతుకైనా వదలాలనిపిస్తుందా ఎవరికైనా, నాకైతే ఈ కథ తెలిశాక అన్నం పారబొయ్యడానికి చెయ్యి రావట్లేదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం కథ కాదు, దాన్ని వాళ్ళు పాడే పద్ధతి. ఓపక్ అంటారు, రాత్రిపూట జనం చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతుంటే కథ తెలిసిన గాయకుడు పాట ఎత్తుకుంటాడు. ఆ పాటలో వడ్ల పిల్ల, అంటే మన తోను వుజోనే, పడమటి నుంచి, ఫ్లోరెస్‌లోనే లియో అనే ఇంకో జనం ఉండే నేల నుంచి బయల్దేరి తంజుంగ్ బుంగా దాకా వస్తుంది. ఎక్కడెక్కడ ఆగింది, ఏ ఊరు దాటింది, ఇవన్నీ పేరు పేరునా వరసగా వస్తాయి. బయటివాళ్ళకి అదేదో ఊళ్ళ లిస్టు చదువుతున్నట్టుంటుందేమో గానీ నాకు మాత్రం అసలు పూజ అక్కడే ఉందనిపిస్తుంది, ఎందుకంటే మనం దేవుణ్ణి ఆవాహనం చేసేటప్పుడు రమ్మని ఒక్క మాటలో పిలిచేస్తాం, వీళ్ళు ఆవిడతో పాటు ఒక్కో ఊరూ నడిచి తీసుకొస్తున్నారు, పాటలోనే దారి మొత్తం నడుస్తున్నారు.

ఇంకోటి, వాళ్ళ పూజభాషలో మాటలు జంటలుగా వస్తాయి, ఒక మాట అంటే దాని పక్కన దాని జోడీ ఉండాల్సిందే. వాళ్ళ దేవుడి పేరే చూడండి, లెరా వులాన్ తానా ఎకాన్. లెరా అంటే సూర్యుడు, వులాన్ చంద్రుడు, తానా ఎకాన్ అంటే మనం నిలబడ్డ భూమి. పైనున్న జంటా కింద ఉన్న జంటా కలిస్తేనే పేరు పూర్తవుతుంది. తంజుంగ్ బుంగాలో పొలం పాటలు కూడా ఇద్దరేసి పాడతారు, రెండు గొంతులూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నంత దగ్గరగా ఉంటాయి, మొదటిసారి వింటే శ్రుతి కలవలేదేమో అనిపిస్తుంది, కాసేపు వింటే మాత్రం ఆ ఒరిపిడిలోనే ఏదో ఉంది అని అర్థమవుతుంది. నేనైతే కళ్ళు మూసుకుని విన్నా, ఒళ్ళు జలదరించింది.

అక్కడ చాలా చేలు కొండవాలు మీద ఉండేవే, కాలవలు లేవు, వాన పడితేనే పంట. కర్రతో గుంట పొడిచి అందులో విత్తనం వేస్తారు. అలాంటి నేలలో ఒక గింజ మొలిచిందంటే అది ఎవరో ఇచ్చిందే అనిపించడంలో వింతేముంది.

మా తాతయ్య కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, "లాభం" అని, ఆ తర్వాత రెండు, మూడు అని ఎత్తుకునేవాడు. ఆ కొలిచేంతసేపూ మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు, చెప్పులతో కళ్ళంలోకి రానిచ్చేవాడు కాదు. ఆ గొంతులో ఒక రాగం ఉండేది, అది పాట అని అప్పుడు నాకు తెలీదు. ఎక్కడి ఫ్లోరెస్, ఎక్కడి మా ఊరు, ఏ చుట్టరికమూ లేదు, కానీ ధాన్యం ముందు నోరు అదుపులో పెట్టుకుని మాట్లాడాలన్న ఆ భయభక్తి మాత్రం నాకు బాగా తెలిసిందే.

సింకులోంచి ఏరిన గింజల్ని మళ్ళీ కడిగి పొయ్యి మీద పెట్టి అమ్మకి ఫోన్ చేశా. ఈ బియ్యం ఎక్కడివే అంటే బస్తా మీద ఉన్న పేరు చెప్పింది. అది కాదమ్మా, చిన్నప్పుడు మనం తిన్నవి ఏ చేలోవి అన్నా. కాసేపు ఆగింది. తర్వాత మెల్లిగా మొదలెట్టింది, "చింతచెట్టు చేను ముందు కోసేవాళ్ళం, ఆ తర్వాత కాలవగట్టు మడి, అక్కణ్ణించి బండి మీద కళ్ళానికి, కళ్ళం నుంచి గాదెకి, గాదె నుంచి మీ నాయనమ్మ రోలు దగ్గరికి..." నేను మధ్యలో ఏమీ అడగలేదు. కుక్కర్ విజిల్ వేసినా ఆవిడ ఆపలేదు.